ఆకాశపు రంగులు కెమేరాకు చిక్కేదెప్పుడు?

వాన వెలిసిన సాయంత్రం ఆకాశంలో ఇంద్రధనుస్సు విరిస్తే ఈ రోజుల్లో ఎవరి చేయి అయినా మొదట సెల్‌ఫోను మీదకే పోతుంది. తీసిన చిత్రాన్ని తర్వాత చూసుకుంటే మాత్రం చాలామందికి నిరాశే మిగులుతుంది. కంటికి నిండుగా కనిపించిన విల్లు చిత్రంలో వెలిసిపోయిన చారగా ఉంటుంది. లేదా సగం విల్లు చట్రం బయటే ఉండిపోతుంది. సూర్యుని చుట్టూ ఏర్పడిన వలయమైతే తెల్లని వెలుగు ముద్దలో కలిసిపోతుంది. ఈ లోపాలలో అధిక భాగం కెమేరావి కావు. ఏ రంగు ఏ దిక్కున, ఏ వేళలో, ఎంత మేర ఏర్పడుతుందో ముందుగా తెలిసినవారికి సాధారణ సెల్‌ఫోనుతోనూ మంచి చిత్రం లభిస్తుంది.

ఈ విషయాన్ని ఒక నిర్దిష్ట స్థలానికి అన్వయించి చెప్పుకుంటే సులభంగా బోధపడుతుంది. చెన్నై నగరంలోని చింతాద్రిపేటను ఉదాహరణగా తీసుకుందాం. 1734లో మద్రాసు గవర్నరు జార్జి మోర్టన్ పిట్ హయాంలో నేతపనివారి కోసం ఏర్పడిన పేట ఇది. చిన్న తరి, అనగా చిన్న మగ్గం, అన్న మాట నుంచే ఈ పేరు వచ్చిందని చెబుతారు. కూవం నది వంపులో ఇరుకు వీధులతో, ఒకదానికొకటి ఆనుకొన్న మిద్దెలతో ఉండే ఈ పేటలో వీధిన నిలబడినవారికి కనిపించే ఆకాశం ఒక పట్టీ మాత్రమే. ఎటు చూడాలో తెలియకపోతే రంగులు వచ్చి పోయిన సంగతి కూడా తెలియదు. ఇక్కడి లెక్కలు స్వల్ప తేడాలతో తిరుపతి, చిత్తూరు, నెల్లూరు, తిరువళ్ళూరు ప్రాంతాలన్నింటికీ వర్తిస్తాయి.

పేర్లు పలు, కారణాలు మూడు

ఇంద్రధనుస్సును హరివిల్లు అనీ, వానవిల్లు అనీ, తెలంగాణలో సింగిడి అనీ అంటారు. తమిళంలో అది వానవిల్. సూర్యచంద్రుల చుట్టూ కట్టే వలయాన్ని తెలుగు పల్లెల్లో గుడి అనీ, వరదగుడి అనీ పిలుస్తారు. సంస్కృతంలో దాని పేరు పరివేషం. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో పరివేషానికి ఒక అధ్యాయాన్నీ, ఇంద్రాయుధమనే పేరుతో ఇంద్రధనుస్సుకు మరొక అధ్యాయాన్నీ కేటాయించాడు. ఈ రెండింటినీ వేర్వేరు విషయాలుగా గుర్తించడం ఆ కాలానికే ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

ఆకాశంలో కనిపించే ఇటువంటి రంగులకు ప్రధానంగా మూడు కారణాలున్నాయి. మొదటిది వాన చినుకు. సూర్యకాంతి చినుకులో ప్రవేశించేటప్పుడు వక్రీభవనం చెంది, లోపలి గోడపై పరావర్తనం చెంది, తిరిగి బయటకు వచ్చేటప్పుడు మరల వక్రీభవనం చెందడం వలన ఇంద్రధనుస్సు ఏర్పడుతుంది. రెండవది మంచు స్ఫటికం. ఆరేడు కిలోమీటర్లకు పైన తేలే పలుచని మేఘాలలోని ఆరు పలకల మంచు స్ఫటికాలు పట్టకాలుగా పనిచేసి పెద్ద వలయాన్ని కడతాయి. చెన్నైలో మే నెల ఎండ మండిపోతున్నా ఆ ఎత్తులో నీరు గడ్డకట్టే ఉంటుంది. మూడవది అతి సూక్ష్మమైన నీటి బిందువు. దాని అంచుల వద్ద కాంతి వివర్తనం చెందడం వలన సూర్యచంద్రులకు మరీ దగ్గరగా చిన్న వలయం ఏర్పడుతుంది.

ఛాయాగ్రాహకునికి ఇందులో ముందుగా పనికివచ్చే సంగతి దిక్కు. ఇంద్రధనుస్సు ఎల్లప్పుడూ సూర్యునికి ఎదుటి దిక్కున ఉంటుంది. దానిని చూసేవారి వీపు సూర్యుని వైపు ఉండాలి. మిగిలిన రెండు రకాలనూ సూర్యుడు లేక చంద్రుడు ఉన్న వైపునే వెదకాలి.

నీడే కొలబద్ద

ఇంద్రధనుస్సు ఒక వృత్తంలోని భాగం. ఆ వృత్తానికి కేంద్రం చూసేవారి తల నీడ పడే దిశలో ఉంటుంది. కేంద్రం నుంచి ఎర్రని అంచు 42 డిగ్రీల దూరంలోనూ, ఊదా అంచు సుమారు 40 డిగ్రీల దూరంలోనూ ఉంటాయి. వెలుపల 51 డిగ్రీల దగ్గర మరొక విల్లు మసకగా కనిపించవచ్చు. దానిలో రంగుల వరుస తలక్రిందులు. రెండు విల్లుల నడుమ ఆకాశం కొంచెం నల్లగా ఉంటుంది.

సూర్యుడు పైకెక్కిన కొద్దీ తల నీడ దిశ నేలలోకి దిగుతుంది. దానితోపాటే విల్లూ దిగుతుంది. సూర్యుడు దిగంతం నుంచి 42 డిగ్రీలకు పైన ఉంటే విల్లు మొత్తం దిగంతానికి దిగువకు పోతుంది కాబట్టి నేల మీద నిలబడినవారికి కనిపించదు. దీనిని కొలవడానికి పరికరాలు అక్కరలేదు. మనిషి నీడ అతని ఎత్తు కంటే కొంచెమైనా పొడవుగా ఉంటే ఇంద్రధనుస్సుకు అవకాశం ఉంటుంది. నీడ పొట్టిగా ఉంటే ఎంత వాన కురిసినా, ఎంత ఎండ కాసినా విల్లు కోసం వెదకడం వృథా. ఖచ్చితంగా చెప్పాలంటే నిలువు కర్ర ఎత్తుకు దాని నీడ 1.11 రెట్లు ఉండాలి. పాఠశాల ఆవరణలో ఒక కర్ర పాతి పిల్లల చేత చేయించదగిన పని ఇది.

చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. ఈ లెక్కన సెప్టెంబరు చివరలో ఉదయం సుమారు 9 గంటల నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకు అక్కడ ఇంద్రధనుస్సు కనిపించదు. సూర్యుడు దక్షిణాన వాలి ఉండే డిసెంబరులో ఈ వ్యవధి తగ్గి సుమారు 10 నుంచి 2 గంటల వరకే ఉంటుంది. సెప్టెంబరు చివరలో సాయంత్రం 5 గంటలకు సూర్యుడు దాదాపు 15 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు విల్లు కొన 27 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఎదురుగా మూడంతస్తుల మిద్దె ఉంటే వీధిలోనివారికి అది కనిపించదు. పైకెక్కినవారికి కనిపిస్తుంది.

కోణాన్ని చేతితోనే కొలవవచ్చు. చేయి పూర్తిగా చాచి పట్టుకున్న పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. బొటనవేలి కొన నుంచి చిటికెన వేలి కొన వరకు చాచిన జాన 20 నుంచి 22 డిగ్రీలు. తల నీడ నుంచి రెండు జానల దూరంలో విల్లు ఉంటుందని గుర్తు.

ఋతువును బట్టి దిక్కు

చెన్నైకి రెండు వానకాలాలు ఉన్నట్లే లెక్క. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఎండ వేడికి పడమటి భూభాగంలో పుట్టిన ఉరుముల మబ్బులు సాయంత్రానికి తూర్పుగా కదలి నగరం మీదుగా సముద్రం పైకి పోతాయి. మబ్బు తూర్పుకు దాటి, పడమటి ఎండ తొంగి చూచిన క్షణమే ఇంద్రధనుస్సుకు అనువైనది. అప్పుడు విల్లు తూర్పున, బంగాళాఖాతం వైపు ఉంటుంది. చింతాద్రిపేటకు తూర్పున రెండు మూడు కిలోమీటర్లలోనే మెరీనా తీరం ఉన్నది. అక్కడ ఎదురుగా కట్టడాలేవీ ఉండవు కాబట్టి విల్లు రెండు కొసలూ నీటిని తాకినట్లు కనిపిస్తాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. అప్పుడు జల్లులు సముద్రం మీది నుంచి, తరచుగా రాత్రి చివరి జామున, తెల్లవారు జామున తీరానికి వస్తాయి. జల్లు నగరాన్ని దాటి పడమటికి పోయేసరికి తూర్పున సూర్యుడు లేస్తే విల్లు పడమట కనిపిస్తుంది. ఆ ఉదయాలలో సముద్ర తీరానికి వెళ్ళవలసిన పని లేదు. ఇంటి మిద్దె పైనుంచి పడమర దిక్కు చూస్తే చాలు. చింతాద్రిపేట మీదుగా ఎత్తున సాగే ఎం.ఆర్.టి.ఎస్. రైలు మార్గం, స్టేషను చూపునకు ఎంతో అనువుగా కనిపించినా, రైల్వే ప్రాంగణంలో చిత్రాలు తీయడానికి నిబంధనలు ఉంటాయి. కూవం మీది వంతెనల వద్ద ఆకాశం కొంత విశాలంగా తెరుచుకుంటుంది. అయితే వాహనాల రద్దీని గమనించి నిలబడాలి.

విల్లును చట్రంలో ఇమడ్చడం

అర్ధవృత్తంగా ఉన్న ఇంద్రధనుస్సు ఒక కొస నుంచి మరొక కొసకు 84 డిగ్రీలు ఉంటుంది. పూర్తి చట్రపు కెమేరాలో 20 మి.మీ. కంటే తక్కువ నాభ్యంతరం ఉన్న కటకం ఉంటేనే అది మొత్తం ఇముడుతుంది. సెల్‌ఫోనులోని ప్రధాన కెమేరా సాధారణంగా 24 నుంచి 26 మి.మీ. కటకానికి సమానం. దానితో రెండు కొసలూ దొరకవు. పూర్తి విల్లు కావాలంటే ఫోనులోని అల్ట్రావైడ్ కెమేరాను వాడాలి. అది లేనివారు పనోరమా పద్ధతిలో ఫోనును నెమ్మదిగా తిప్పుతూ తీయవచ్చు. ఒక కొసను మాత్రమే తీసుకొని, దాని కింద ఆలయ గోపురాన్నో, కొబ్బరి చెట్టునో ఉంచినా చిత్రం నిండుగా ఉంటుంది.

రంగులు వెలిసిపోవడానికి ప్రధాన కారణం అవసరానికి మించిన కాంతి. ఫోనులో తెర మీద విల్లు పక్కనున్న వెలుతురు మబ్బును తాకి, వెలుగును కొద్దిగా తగ్గించాలి. కెమేరాలో ఎక్స్‌పోజరును మూడో వంతు నుంచి ఒక స్టాపు వరకు తగ్గిస్తే సరిపోతుంది. ఎఫ్/8, ఐ.ఎస్.ఒ. 100 లేదా 200 మంచి ప్రారంభం. ఫ్లాష్ తప్పనిసరిగా ఆపివేయాలి. లేకపోతే దగ్గరలోని చినుకులు తెల్లని చుక్కలుగా చిత్రమంతా పరచుకుంటాయి. కటకాన్ని తుడవడానికి పొడిగుడ్డ జేబులో ఉండాలి. విల్లు వెనుక నల్లని మబ్బు ఉన్న భాగాన్ని ఎంచుకుంటే రంగులు ఎక్కువగా తేలుతాయి.

ఇంద్రధనుస్సు నుంచి వచ్చే కాంతి దాదాపు పూర్తిగా ధ్రువణం చెంది ఉంటుంది. పోలరైజింగ్ ఫిల్టరును ఒక వైపు తిప్పితే విల్లు ప్రకాశిస్తుంది. మరొక వైపు తిప్పితే అదే విల్లు కనబడకుండా పోతుంది. వెడల్పు కటకంతో పూర్తి విల్లును తీసేటప్పుడు ఫిల్టరు ఒక భాగాన్ని వెలిగించి మరొక భాగాన్ని చెరిపివేస్తుంది కాబట్టి అప్పుడు దానిని తీసివేయడమే మేలు. 1921లో ఓడ ప్రయాణంలో సర్ సి.వి. రామన్ సముద్రపు నీలిమను పరిశీలించినప్పుడు వాడిన నికోల్ పట్టకం చేసే పని కూడా ఇదే. అది నీటి ఉపరితలం నుంచి పరావర్తనమైన కాంతిని తొలగించి, నీలిమ నీటి లోపలి నుంచే వస్తున్నదని నిర్ధారించుకోవడానికి తోడ్పడింది. విశాఖపట్నంలో బాల్యం గడిపిన రామన్ చదువుకొన్న ప్రెసిడెన్సీ కళాశాల మెరీనా ఎదుటే ఉన్నది.

దూరపు గుడి, దగ్గర గుడి

గుడి దూరంగా కడితే వాన దగ్గర, దగ్గరగా కడితే వాన దూరం అనే నానుడి తెలుగు పల్లెల్లో ఉన్నది. తమిళులు కూడా అగల్ వట్టం పగల్ మళై అంటారు. వలయం విశాలంగా ఉంటే పగలే వాన అని దాని భావం. ఈ మాటల వెనుక ఒక సరైన పరిశీలన దాగి ఉన్నది. పల్లెవాసులు రెండు వేర్వేరు వలయాలను విడదీసి చూశారు.

దూరపు గుడి మంచు స్ఫటికాలు కట్టేది. సూర్యుని నుంచి లేక చంద్రుని నుంచి 22 డిగ్రీల దూరంలో, అనగా ఒక జాన దూరంలో ఉంటుంది. దానిలో ఎరుపు లోపలి అంచున ఉంటుంది. దగ్గర గుడి సూక్ష్మ బిందువులు కట్టేది. కొద్ది డిగ్రీల వెడల్పు మాత్రమే ఉండి, ఎరుపు వెలుపలి అంచున ఉంటుంది. ఎరుపు లోపలా, వెలుపలా అన్న ఒక్క ప్రశ్నతో చిత్రంలోని వలయం ఏ జాతిదో చెప్పవచ్చు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడినప్పుడు దాని పైభాగం నుంచి పలుచని మంచు మబ్బులు వందల కిలోమీటర్ల మేర ముందుగా పరచుకుంటాయి. అందువలన పెద్ద గుడి కొన్ని సందర్భాలలో వానకు ముందు కనిపించే మాట నిజమే. అయితే గుడి కట్టిన ప్రతిసారీ వాన రాదు. వేటకు వెళ్ళే మత్స్యకారులైనా, పంట కోసే రైతులైనా వాతావరణ శాఖ హెచ్చరికనే ఆధారం చేసుకోవాలి.

2021 మే 24న బెంగళూరులోనూ, జూన్ 2న హైదరాబాదులోనూ మధ్యాహ్నం వేళ సూర్యుని చుట్టూ ఈ వలయం స్పష్టంగా కనిపించి అందరినీ ఆశ్చర్యపరచిన సంగతి విదితమే. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు పూర్తి వలయం తల పైననే ఉంటుంది. కాబట్టి ఇంద్రధనుస్సు కనిపించని ఇరుకు వీధిలో నుంచి కూడా వరదగుడిలో చాలా భాగం చూడవచ్చు.

ఈ వలయం అడ్డంగా 44 డిగ్రీలు. 28 మి.మీ. కటకంలోనే అంచులతో సహా ఇముడుతుంది. ఫోనులోని ప్రధాన కెమేరా దీనికి చాలు. ముఖ్యమైన కిటుకు సూర్యుని మరుగుపరచడం. మిద్దె పిట్టగోడ మూల, వీధి దీపపు స్తంభం, ఆలయ గోపుర శిఖరం, ఏదీ లేకపోతే చాచిన అరచేయి సూర్యబింబానికి అడ్డుగా ఉండాలి. చింతాద్రిపేటలోని ఆదిపురీశ్వరర్, ఆదికేశవ పెరుమాళ్ ఆలయాల వంటి గోపురాలు ఇందుకు ఉపకరిస్తాయి. ఎక్స్‌పోజరును ఒకటి రెండు స్టాపులు తగ్గించాలి. చంద్రుని చుట్టూ ఉన్న గుడికైతే త్రిపాది కావాలి. ఐ.ఎస్.ఒ. 800, ఎఫ్/4 వద్ద 5 నుంచి 15 సెకన్లు ఇచ్చి చూడవచ్చు. ఫోనులోని నైట్ మోడ్ కూడా పనికివస్తుంది. సూర్యుడు తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు గుడికి కుడి ఎడమల రెండు వెలుగు మచ్చలు ఏర్పడడమూ కద్దు. వీటిని ప్రతిసూర్యులు అంటారు.

మధ్యాహ్నపు రంగుల పట్టీ

ఇంద్రధనుస్సుకు మధ్యాహ్నం పనికిరాదని పైన చూశాము. మధ్యాహ్నమే తప్ప మరొక వేళ కనిపించని రంగు ఒకటి ఉన్నది. సూర్యుడు 58 డిగ్రీలకు పైన ఉన్నప్పుడు, మబ్బులోని పలక ఆకారపు మంచు స్ఫటికాలు అడ్డంగా పరచుకొని ఉంటే, సూర్యునికి 46 డిగ్రీల దిగువన దిగంతానికి సమాంతరంగా ఒక నిండు రంగుల పట్టీ ఏర్పడుతుంది. కొందరు దీనిని నిప్పు ఇంద్రధనుస్సు అంటారు. దానికి నిప్పుతోనూ, వానతోనూ సంబంధం లేదు.

లండను వంటి నగరాలలో సూర్యుడు అంత ఎత్తుకు వేసవి నడుమ కొన్ని వారాలు మాత్రమే చేరుతాడు. 56 డిగ్రీల అక్షాంశానికి ఉత్తరాన ఉన్నవారికి ఎన్నడూ చేరడు. చెన్నైలో జనవరి చివరి నుంచి నవంబరు మధ్య వరకు ప్రతి రోజూ మధ్యాహ్నం సూర్యుడు 58 డిగ్రీలు దాటుతాడు. సెప్టెంబరు చివరలోనైతే ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 వరకు ఆ అవకాశం ఉంటుంది. దీనికీ నీడే కొలత. నీడ మనిషి ఎత్తులో ఐదింట మూడు వంతులకు మించకూడదు. పలుచని ఈకల వంటి మబ్బులు ఆకాశంలో ఉన్న మధ్యాహ్నం సూర్యుని వైపునే, కాని రెండు జానలకు పైగా దిగువన చూడాలి. ఎండకు భయపడి ఎవరూ తల ఎత్తని వేళ కావడం వలన ఈ దృశ్యం మన ప్రాంతంలో ఎక్కువగా గుర్తింపునకు నోచుకోలేదు.

కంటికి, ప్రాణానికి జాగ్రత్త

సూర్యుని నేరుగా చూడడం వలన కంటిలోని రెటీనా దెబ్బతింటుంది. రెటీనాకు నొప్పి తెలియదు. హాని జరిగిన సంగతి కొన్ని గంటల తర్వాత చూపు మధ్యలో మసక ఏర్పడినప్పుడే తెలుస్తుంది. అద్దాల కెమేరా వ్యూఫైండరులో కన్ను పెట్టి సూర్యుని చూడడం, అందునా టెలిఫొటో కటకంతో చూడడం మరింత ప్రమాదకరం. మబ్బు పలుచగా కప్పి ఉన్నదని, చల్లద్దాలు పెట్టుకున్నామని ధైర్యం చేయరాదు. సూర్యబింబం పూర్తిగా మరుగైన తర్వాతనే, తెర మీద చూస్తూ చిత్రం తీయాలి. పిల్లలకు వరదగుడి చూపించేటప్పుడు వారిని కట్టడం నీడలో నిలబెట్టడం పెద్దల బాధ్యత.

రెండవ ప్రమాదం పిడుగు. ఇంద్రధనుస్సు విరిసేది ఉరుముల మబ్బు అప్పుడే దాటిపోతున్న సమయంలో. వాన నిలిచినా ఉరుము వినిపిస్తున్నదంటే పిడుగు పడే పరిధిలోనే ఉన్నట్లు భావించాలి. చివరి ఉరుము తర్వాత అర్ధగంట వరకు మిద్దె మీదకు, తీరానికి, మైదానానికి పోకపోవడం క్షేమం. ఆలోగా విల్లు పోతుందనుకుంటే గది లోపలి నుంచి కిటికీ ద్వారా తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ శాస్త్రజ్ఞులు రూపొందించిన దామిని యాప్ పిడుగుల సమాచారాన్ని సెల్‌ఫోనులోనే అందిస్తుంది. ఒక చిత్రం కోసం ఇనుప మెట్ల మీద, నీళ్ళ ట్యాంకు మీద నిలబడడం తగదు.

మద్రాసులో ఆకుపచ్చ సూర్యుడు

ఇటువంటి దృశ్యాలను భద్రపరచడం వలన ప్రయోజనమేమిటన్న ప్రశ్నకు మద్రాసు చరిత్రలోనే సమాధానం ఉన్నది. 1883 ఆగస్టు 26, 27 తేదీలలో జావా, సుమత్రాల నడుమ క్రాకటోవా అగ్నిపర్వతం బ్రద్దలైంది. సెప్టెంబరు నెలలో సింహళంలోనూ, మద్రాసు పరిసరాలలోనూ సూర్యుడు ఉదయాస్తమయ వేళల్లో ఆకుపచ్చగా కనిపించాడు. అగ్నిపర్వతం నుంచి ఎగసిన కణాలలో ఒకే పరిమాణంలో ఉన్న సూక్ష్మ కణాలు ఎరుపు కాంతిని ఎక్కువగా చెదరగొట్టడమే ఇందుకు కారణమని నేటి శాస్త్రజ్ఞులు వివరిస్తారు.

నాడు మద్రాసు క్రైస్తవ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడైన చార్లెస్ మిచీ స్మిత్ ఆ సూర్యకాంతిని స్పెక్ట్రోస్కోపుతో పరిశీలించి, తన పరిశీలనలను ప్రకటించాడు. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పాగ్సన్ కూడా ఈ దృశ్యాన్ని గురించి రాశాడు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన ఇటువంటి కథనాలను లండనులోని రాయల్ సొసైటీ సేకరించి 1888లో పెద్ద నివేదికగా వెలువరించింది. ఏ తేదీన ఏ ఊరిలో రంగు మారిందో లెక్కకట్టడం వల్లనే ఆ ధూళి భూగోళాన్ని ఎలా చుట్టివచ్చిందో బోధపడింది. ఆనాడు రంగుల ఛాయాచిత్రం వాడుకలో లేదు. తేదీ, వేళ, స్థలం రాసిన కాగితాలే ఆ పని చేశాయి.

నాటి నక్షత్రశాల నుంగంబాక్కంలో, చింతాద్రిపేటకు అనతి దూరంలోనే ఉండేది. 1792 నాటి దాని రాతి స్తంభం నేటికీ అక్కడి వాతావరణ కేంద్రం ఆవరణలో ఉన్నది. ఆ స్తంభం మీద తెలుగు, తమిళ భాషలలో కూడా శాసనం చెక్కించారు.

సామాన్యులు తీసిన చిత్రాలు శాస్త్రానికి ఉపకరించిన సందర్భాలు మన కాలంలోనూ ఉన్నాయి. చినుకులో కాంతి మూడుసార్లు పరావర్తనం చెందితే మూడవ విల్లు సూర్యుని వైపున, సుమారు 40 డిగ్రీల దూరంలో ఏర్పడాలని శతాబ్దాలుగా లెక్క ఉన్నది. అది అతి మసకగా ఉండడం వలన నమ్మదగిన ఛాయాచిత్రం లేకపోయింది. 2011లో జర్మనీలో మైఖేల్ గ్రాస్‌మన్ మూడవ విల్లును, మైఖేల్ థ్యూస్నర్ మూడవ, నాలుగవ విల్లులను చిత్రాలలో పట్టగలిగారు. ఎక్కడ చూడాలో లెక్క ముందే తెలియడం వలన వారు సూర్యుని వైపు కెమేరా తిప్పారు. మిగిలినవారు ఎదుటి దిక్కున మొదటి విల్లును చూస్తూ ఉండిపోయేవారే.

చిత్రం సాక్ష్యం కావాలంటే

నేడు ఆకాశ చిత్రాలకు కొరత లేదు. అయితే చేతులు మారి వచ్చే చిత్రాలలో అధిక భాగానికి తేదీ ఉండదు, ఊరు ఉండదు. ఎప్పటిదో, ఎక్కడిదో అయిన వలయం నిన్న మన ఊరిలో కనిపించినట్లు ప్రచారం కావడం, దానిని అరిష్టంగా చెప్పి కొందరిని భయపెట్టడం జరుగుతున్నది. కంప్యూటరు సృష్టించిన కృత్రిమ చిత్రాలు కూడా వీటిలో కలుస్తున్నాయి. ఈ పరిస్థితిలో నిజంగా చూసి తీసినవారు తమ చిత్రానికి ఆధారాలు జతచేయడం ఎంతైనా అవసరం.

రాసుకోవలసినవి ఐదు. తేదీ, సరైన సమయం, ఊరు లేదా వీధి, చూసిన దిక్కు, ఎంత సేపు కనిపించినదీ. సమయం, స్థలం ఉంటే సూర్యుని ఎత్తును ఎన్నేళ్ళ తర్వాతనైనా లెక్కకట్టవచ్చు. దానినిబట్టి ఆ వేళ ఆ దృశ్యం సాధ్యమా, కాదా అన్నది తేలుతుంది. మధ్యాహ్నం 12 గంటలకు చెన్నై వీధిలో ఇంద్రధనుస్సు అని ఎవరైనా చిత్రం పంపితే అది నిజం కాదని పదో తరగతి విద్యార్థి కూడా చెప్పగలడు. ఫోను గడియారం సరిగా ఉన్నదో లేదో చూసుకోవాలి. మూలచిత్రాన్ని దిద్దకుండా అట్టే పెట్టుకొని, రంగులు పెంచదలిస్తే నకలు మీద పెంచాలి. వాట్సప్‌లో ఫొటోగా పంపితే చిత్రంలో దాగి ఉన్న తేదీ వివరాలు తొలగిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి.

కటకం లోపలి ప్రతిబింబాలు కూడా వలయాలుగా, రంగు మచ్చలుగా భ్రమింపజేస్తాయి. దీనికి పరీక్ష సులభం. సూర్యునికి చేయి అడ్డుపెట్టినప్పుడు మాయమైతే అది కటకం సృష్టించినది. అలాగే ఉంటే ఆకాశంలోనిది. కెమేరాను కొంచెం పక్కకు తిప్పినప్పుడు మచ్చ ఆకాశంలో ఉన్న చోటు నుంచి కదిలితే అనుమానించాలి.

పాఠశాలలు ఈ పనిని చేపట్టడం అన్నివిధాలా యోగ్యం. ఒక నోటుపుస్తకం, ఒక నిలువు కర్ర, ఉపాధ్యాయుని చేతిలో ఒక ఫోను ఉంటే చాలు. ఏడాదిలో ఎన్ని రోజులు గుడి కట్టింది, వాటిలో ఎన్నింటి తర్వాత రెండు రోజులలో వాన కురిసింది అని పిల్లలు లెక్క రాస్తే, తాతల నాటి నానుడి తమ ఊరిలో ఎంతవరకు నిలుస్తుందో వారికే తెలుస్తుంది. 1883లో మద్రాసు సూర్యుని గురించి రాసి ఉంచిన నాలుగు మాటలు నేటికీ పనికివస్తున్నాయి. ఈశాన్య రుతుపవనాల ఉదయాన చింతాద్రిపేట మిద్దె మీద నుంచి పడమటి విల్లును తీసే విద్యార్థి చిత్రానికీ ఆ విలువ ఉంటుంది. దాని కింద తేదీ, వేళ, దిక్కు రాసి ఉండాలి, అంతే.